సర్ క్రీక్: ఉప్పుటేరు మీద వందేళ్ల పేచీ, జైళ్లలో జాలర్లు

గుజరాత్‌లోని కచ్ జిల్లాకు, పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రానికి మధ్య అరేబియా సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి ఏర్పడిన పాయ పేరు సర్ క్రీక్. పొడవు 96 కిలోమీటర్లు. మన కోస్తా జిల్లాల్లో అయితే ఇలాంటి దాన్ని ఉప్పుటేరు అంటారు. దాని ఒడ్డున ఊరు లేదు, పొలం లేదు, తాగడానికి నీళ్లు లేవు. పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు, ఆటు వచ్చాక బురద. పాములు, తేళ్లు, దోమలు, మడ చెట్లు, రెండు దేశాల సైనికులు. అంతే.

అయినా భారత్, పాకిస్తాన్ ఈ పాయ ఎవరిదన్నది ఇప్పటిదాకా తేల్చుకోలేదు. కశ్మీర్ గురించి అందరికీ తెలుసు, సియాచిన్ గురించి కొంతమందికి తెలుసు. సర్ క్రీక్ పేరు మాత్రం ఎప్పుడో మంత్రులు హెచ్చరికలు చేసినప్పుడే వార్తల్లోకి వస్తుంది. 2025 అక్టోబర్ 2న, దసరా రోజు, భుజ్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ మాట్లాడుతూ ఈ ప్రాంతంలో పాకిస్తాన్ సైనిక వసతులు పెంచుతోందని, కరాచీకి వెళ్లే ఒక దారి ఈ క్రీక్ మీదుగానే పోతుందని గుర్తుంచుకోవాలని హెచ్చరించారు. రెండు రోజులు టీవీల్లో చర్చ నడిచింది. తర్వాత మామూలే.

కానీ శ్రీకాకుళం జిల్లా తీరంలోని కొన్ని మత్స్యకార గ్రామాలకు ఇది టీవీ చర్చ కాదు. అది ఎందుకో తెలియాలంటే ముందు అసలు గొడవ ఎక్కడ మొదలైందో చూడాలి.

వంటచెరకుతో మొదలైంది

1908లో ఈ పాయ ఒడ్డున కట్టెలు ఎవరు కొట్టుకోవాలన్న దగ్గర తగువు వచ్చింది. ఒకవైపు కచ్ సంస్థానాన్ని ఏలే రావు. మరోవైపు సింధ్. అప్పట్లో సింధ్ బ్రిటిష్ వాళ్ల బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. 1936 దాకా అలాగే ఉంది. అంటే తగువు రెండు దేశాల మధ్య కాదు, ఒకే బ్రిటిష్ నీడలో ఉన్న ఒక సంస్థానానికి, ఒక ప్రెసిడెన్సీకి మధ్య. ఇప్పుడు రెండు రాష్ట్రాలు నీళ్ల కోసం కొట్లాడుకున్నట్టే.

1914 ఫిబ్రవరి 24న బొంబాయి ప్రభుత్వం ఒక తీర్మానంతో దీనికి ముగింపు పలికింది. కోరీ క్రీక్ దాకా తమదేనన్న వాదన సింధ్ వదులుకుంది. కోరీ క్రీక్‌కు, సర్ క్రీక్‌కు మధ్య భూమి కచ్‌కు వచ్చింది. దీంతో సర్ క్రీక్ సరిహద్దు అయింది. తీర్మానంతో పాటు ఒక మ్యాపు కూడా జతచేశారు. దాని నంబర్ బీ-44. అందులో సరిహద్దును ఆకుపచ్చ గీతతో చూపించారు. ఆ గీత పాయకు తూర్పు ఒడ్డున, అంటే కచ్ వైపు ఉంది.

పాకిస్తాన్ వాదన మొత్తం ఈ ఆకుపచ్చ గీత మీదే నిలబడింది. సరిహద్దు తూర్పు ఒడ్డున ఉంటే పాయ మొత్తం సింధ్‌దే, అంటే ఇప్పుడు పాకిస్తాన్‌దే.

అయితే అదే తీర్మానంలో పదో పేరా ఉంది. సర్ క్రీక్ అప్పుడప్పుడూ దారి మార్చుకుంటుందని, అందుకే సరిహద్దును పడవలు నడిచే కాలువ మధ్యభాగంగా చెప్పాలని సింధ్ కమిషనర్ అభిప్రాయపడ్డట్టు అందులో రాశారు. భారత్ పట్టుకున్నది ఈ పేరానే. దానికి తోడు 1924-25లో సరిహద్దు వెంట స్తంభాలు పాతారు, 1925లో బీ-74 అనే ఇంకో మ్యాపు వచ్చింది. అందులో గీత పాయ మధ్యలో ఉందని భారత్ చెబుతోంది. ఆకుపచ్చ గీత అనేది కేవలం గుర్తు కోసం గీసిన పట్టీ మాత్రమే అన్నది మన వాదన.

ఒకటే కాగితం. తొమ్మిదో పేరాను, మ్యాపును ఒకరు చూపిస్తారు, పదో పేరాను ఇంకొకరు చూపిస్తారు. ఆ తీర్మానం రాసిన గుమస్తా ఎవరో గానీ, రెండు దేశాల విదేశాంగ శాఖలకు వందేళ్లకు సరిపడా పని కల్పించాడు.

నదీ మధ్యలో గీత గీసే పద్ధతిని అంతర్జాతీయ చట్టంలో తాల్వెగ్ సూత్రం అంటారు. జర్మన్ మాట. పడవలు నడిచే నదుల్లో, లోతైన కాలువ మధ్య భాగాన్ని సరిహద్దుగా తీసుకోవాలని దాని సారాంశం. ఇది నదులకే గానీ ఇలాంటి పాయకు వర్తించదని, పైగా ఇందులో పడవలు నడవవని పాకిస్తాన్ అంటుంది. పోటు సమయంలో చేపల బోట్లు రోజూ తిరుగుతున్నాయి కదా అని భారత్ అంటుంది. రెండో మాటలో బలం ఉందని అక్కడ వేటాడే ఎవరినడిగినా చెబుతారు. కానీ ఒప్పందాలు జాలర్లను అడిగి రాయరు.

నేలే మాట వినదు

ఈ ప్రాంతం గీతలకు లొంగే రకం కాదు. 1819 జూన్ 16న కచ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఒకచోట నేల దిగిపోయి సింద్రీ కోట నీళ్లలో మునిగింది. మరోచోట 80 కిలోమీటర్లకు పైగా పొడవున నేల కట్టలాగా పైకి లేచింది. మనుషులు కట్టింది కాదు కాబట్టి జనం దాన్ని అల్లాహ్ బంద్ అన్నారు. ఆ పేరు ఇప్పటికీ భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో అలాగే ఉంది. ఆ కట్ట వల్ల సింధు నది నుంచి కచ్ వైపు వచ్చే నీటికి అడ్డం పడింది. ఒకప్పుడు వ్యాపారంతో కళకళలాడిన లఖ్‌పత్ రేవు క్రమంగా పాడుబడిపోయింది. కోట గోడలు, ఒక గురుద్వారా, ఒక పీర్ దర్గా మిగిలాయి.

అలాంటి చోట నీళ్ల పాయ మీద గీత గీయడం అంటే ఇసుక మీద పేరు రాయడమే. సర్ క్రీక్‌లో ఒండ్రు చేరుతుంది, లోతు మారుతుంది, ఒడ్డు కదులుతుంది. ఇది చాలదన్నట్టు సింధ్ పొలాల నుంచి, ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఉప్పు నీరు, మురుగు ఒక పెద్ద డ్రెయిన్ ద్వారా ఇటు వైపే వచ్చి కలుస్తోంది. దాని దెబ్బ తగిలేది సింధ్‌లోని బదీన్, సుజావల్, థట్టా జిల్లాల జాలర్లకు, ఇటు కచ్ జాలర్లకు కూడా.

1965, 1968: అప్పుడే తేలాల్సింది

దేశ విభజనలో సింధ్ పాకిస్తాన్‌కు, కచ్ భారత్‌కు వచ్చాయి. పాత తగువు అంతర్జాతీయ సరిహద్దు తగువయింది. మొదట పేచీ వచ్చింది పాయ గురించి కాదు, దాని పైన ఉన్న ఉప్పు ఎడారి, అంటే కచ్ రణ్ గురించి. అందులో ఉత్తర సగం, సుమారు 9,100 చదరపు కిలోమీటర్లు తనదని పాకిస్తాన్ అడిగింది. 1965 ఏప్రిల్‌లో కంజర్‌కోట్ దగ్గర రెండు సైన్యాలు తలపడ్డాయి. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మధ్యవర్తిత్వంతో జూన్ 30న కాల్పుల విరమణ ఒప్పందం జరిగింది. ఆ సెప్టెంబర్‌లోనే రెండు దేశాల మధ్య అసలు యుద్ధం వచ్చినా, ఈ ఒప్పందం మాత్రం నిలిచింది. ఇది చాలామంది మర్చిపోయే సంగతి.

ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ వేశారు. ఛైర్మన్ స్వీడన్ న్యాయమూర్తి గున్నార్ లాగర్‌గ్రెన్. భారత్ తరఫున యుగోస్లావియాకు చెందిన అలెష్ బెబ్లర్, పాకిస్తాన్ తరఫున ఇరాన్‌కు చెందిన నస్రుల్లా ఇంతెజామ్. 1968 ఫిబ్రవరి 19న జెనీవాలో తీర్పు వచ్చింది. పాకిస్తాన్ అడిగిన దాంట్లో పదో వంతు దానికి దక్కింది, మిగతా తొమ్మిది వంతులు భారత్‌కు ఉండిపోయాయి. ఇక్కడ దేశంలో గోల జరిగింది. భూమి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇది భూమి వదులుకోవడం కాదు, వివాదంలో ఉన్న సరిహద్దును తేల్చుకోవడం మాత్రమే, కాబట్టి సవరణ అక్కర్లేదని 1969 జనవరిలో కోర్టు చెప్పింది. ఆ తీర్పును రెండు దేశాలూ అమలు చేశాయి. అంటే చేయాలనుకుంటే చేయగలరు.

మరి సర్ క్రీక్? పాయ మొదలు నుంచి సముద్రం దాకా సరిహద్దు 1914లోనే తేలిపోయింది కదా అని రెండు పక్షాలూ అనుకున్నాయి. అందుకే దాన్ని ట్రిబ్యునల్ ముందు పెట్టలేదు. తేలిపోయిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. కానీ ఎలా తేలిందో ఇద్దరి లెక్కలూ వేరు.

బురద కోసం ఇంత పట్టుదల ఎందుకు

పాయ వరకే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. అసలు విషయం పాయ ముందున్న సముద్రంలో ఉంది.

సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా దేశానికి పూర్తి అధికారం. 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా చేపలు, చమురు, గ్యాస్ మీద ప్రత్యేక హక్కు. పక్కపక్కన ఉన్న రెండు దేశాల మధ్య ఈ నీటిని పంచే గీత భూసరిహద్దు ఎక్కడ ముగుస్తుందో అక్కడి నుంచి మొదలవుతుంది. మొదట్లో కొద్ది కిలోమీటర్లు అటూ ఇటూ అయితే, సముద్రంలో 370 కిలోమీటర్లు వెళ్లేసరికి ఆ తేడా పెద్ద మేర అవుతుంది. చక్రవడ్డీ లెక్కలాంటిదే. మొదటి నెలలో తేడా కనపడదు, ఇరవయ్యో ఏట కళ్లు తిరుగుతాయి. అడుగున చమురు, గ్యాస్ ఉండొచ్చన్న ఆశ రెండు వైపులా ఉంది. కానీ వివాదం తేలేదాకా ఏ కంపెనీ ధైర్యంగా డబ్బు పెట్టదు. అంటే ఎవరికీ రాని ఆస్తి కోసం ఇద్దరూ కాపలా ఖర్చు భరిస్తున్నారు.

పాయ సంగతి పక్కన పెట్టి ముందు సముద్రం వైపు నుంచి గీత గీద్దాం అని భారత్ ప్రతిపాదించింది. ముందు పాయ తేలాలి అని పాకిస్తాన్ పట్టుబట్టింది. మూడో పక్షాన్ని పిలుద్దామని పాకిస్తాన్ అంటే, 1972 సిమ్లా ఒప్పందం ప్రకారం మన మధ్యే తేల్చుకోవాలని భారత్ అంది.

దగ్గరిదాకా వచ్చి

నిజానికి రెండు దేశాల మధ్య ఉన్న తగువుల్లో అన్నింటికంటే తేలిగ్గా తీరేది ఇదేనని రెండు వైపులా దౌత్యవేత్తలు ఏళ్లుగా చెబుతూ వచ్చారు. ఇక్కడ ఎవరినీ ఖాళీ చేయించాల్సిన పని లేదు. 2007 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండు నౌకాదళాల సర్వేయర్లు కలిసి పాయను, ముందున్న సముద్రాన్ని కొలిచారు. ఇద్దరి చేతిలో ఒకే మ్యాపు ఉంది. ఎవరి గీత వాళ్లు దాని మీద గీసి ఇచ్చిపుచ్చుకున్నారు కూడా. మన్మోహన్ సింగ్, ముషర్రఫ్ కాలం అది. ఇంకొక్క అడుగు వేసుంటే అయిపోయేది.

2008 నవంబర్‌లో ముంబై దాడి జరిగింది. కరాచీ నుంచి వచ్చిన పది మంది సాయుధులు సముద్రంలో పోర్‌బందర్‌కు చెందిన కుబేర్ అనే చేపల బోటును హైజాక్ చేసి, అందులోని వాళ్లను చంపి, దాని మీదే ముంబై తీరానికి వచ్చారు. అప్పటి నుంచి ఈ నీళ్లలో ప్రతి చేపల బోటూ అనుమానంగానే కనిపిస్తోంది. చర్చలు ఆగాయి. 2011లో మళ్లీ మొదలై, 2012 జూన్‌లో ఢిల్లీలో పన్నెండో విడతతో ముగిశాయి. ఆ డిసెంబర్‌లో గుజరాత్ ఎన్నికల సమయంలో అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ సర్ క్రీక్‌ను పాకిస్తాన్‌కు అప్పగించవద్దంటూ ప్రధానికి లేఖ రాశారు. అలాంటి ఆలోచనే లేదని ప్రధాని కార్యాలయం కొట్టిపారేసింది. తర్వాత ఈ విషయం మీద చర్చల బల్ల వేయలేదు.

అంతకుముందు 1999లో కూడా ఇక్కడే ప్రాణాలు పోయాయి. కార్గిల్ ముగిసి కొన్ని వారాలే అయింది. ఆగస్టు 10న పాకిస్తాన్ నౌకాదళ అట్లాంటిక్ విమానాన్ని భారత మిగ్-21 కూల్చింది. లోపలున్న 16 మందీ చనిపోయారు. మా గగనతలంలోకి వచ్చిందని భారత్, మా వైపే ఉందని పాకిస్తాన్. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, ఈ కేసు వినే అధికారం తమకు లేదని 2000 జూన్‌లో ఆ కోర్టు చెప్పింది.

శ్రీకాకుళం నుంచి కరాచీ జైలుకు

సింధు నది మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే చోటు కాబట్టి ఇక్కడ రొయ్యలు, చందువా చేపలు బాగా దొరుకుతాయి. గుజరాత్ తీరం దగ్గర ఏళ్ల తరబడి వేటతో చేప తగ్గింది. బోటు యజమాని అప్పు చేసి బోటు కొంటాడు. డీజిల్, ఐస్, రేషన్, కలాసీలకు అడ్వాన్స్ అన్నీ ముందే పెట్టాలి. ఖాళీగా తిరిగొస్తే ఆ ట్రిప్పు నష్టం అతని నెత్తినే. కాబట్టి బోటు చేప ఉన్న వైపే, అంటే వాయవ్యం వైపే వెళ్తుంది. అక్కడ నీటి మీద గీత కనపడదు. జీపీఎస్ ఉన్నా, రెండు దేశాలూ ఒప్పుకున్న గీతే లేనప్పుడు అది ఏం చూపిస్తుంది? ఇంజన్ చెడిపోతే బోటు ఎటు కొట్టుకుపోతుందో ఎవరికీ తెలియదు.

ఈ బోట్ల మీద పనిచేసే వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు చాలామంది. సొంత ఊళ్లో సముద్రం ఉన్నా పెద్ద బోట్లు ఆగే సరైన హార్బర్ లేక, వేరావల్‌కు రైలెక్కుతారు. బోటు నడిపించే పెద్దను అక్కడ తండేల్ అంటారు. 2025 ఫిబ్రవరిలో నాగచైతన్య, సాయిపల్లవి నటించిన అదే పేరు సినిమా వచ్చాక ఆ మాట తెలుగు ప్రేక్షకులందరికీ తెలిసింది. ఆ సినిమాకు ఆధారం 2018 నవంబర్‌లో జరిగిన ఘటన. వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఆంధ్రా మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుని కరాచీలోని మలీర్ జైలుకు పంపింది. వాళ్లు లోపల ఉండగానే పుల్వామా జరిగింది, బాలాకోట్ జరిగింది, 370 అధికరణ రద్దయింది. ఇందులో ఏ ఒక్కదానితోనూ వాళ్లకు సంబంధం లేదు. కానీ ప్రతిదానితోనూ విడుదల ఇంకాస్త వెనక్కి పోయిందని ఇళ్ల దగ్గర ఆడవాళ్లు భయపడ్డారు. చివరికి 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. దాదాపు 13 నెలలు.

అటువైపు కథ కూడా ఇదే. సింధ్ జాలర్లు బీఎస్ఎఫ్‌కో, కోస్ట్ గార్డుకో చిక్కి గుజరాత్ జైళ్లలో ఉంటారు. కచ్చీ, సింధీ దగ్గరి భాషలు. రెండు ఒడ్ల జాలర్లు నీళ్ల మీద ఎదురైతే ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది.

ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలు పట్టినందుకు విదేశీ జాలర్లకు జైలుశిక్ష వేయకూడదని, తగిన పూచీ తీసుకుని బోటును, మనుషులను త్వరగా వదిలేయాలని సముద్ర చట్టం 73వ అధికరణ చెబుతోంది. దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. రెండు దేశాలూ ఆ చట్టం మీద సంతకం పెట్టినవే. కానీ 12 మైళ్ల లోపల పట్టుకున్నామని చెప్పినా, అక్రమ ప్రవేశం అని కేసు రాసినా ఆ రక్షణ పనిచేయదు. గీత తేలని చోట జాలరి ఎక్కడ ఉన్నాడన్నది పట్టుకున్నవాడు చెప్పిందే లెక్క.

శిక్ష పడినా అది సాధారణంగా నెలల్లోనే ఉంటుంది. తర్వాతే అసలు నిరీక్షణ. ఇతను మావాడే అని సొంత దేశం ధ్రువీకరించాలి, ఆ కాగితం రాయబార కార్యాలయాల మీదుగా తిరగాలి, తర్వాత ఇద్దరికీ నచ్చిన రోజు రావాలి. 2008 మే నెలలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. యుద్ధ వాతావరణంలో కూడా ఇది ఆగలేదు. 2025 జులై 1 జాబితా ప్రకారం పాకిస్తాన్ జైళ్లలో 193 మంది భారత మత్స్యకారులు, భారత్ జైళ్లలో 81 మంది పాకిస్తాన్ మత్స్యకారులు ఉన్నారు. 2014 నుంచి అప్పటిదాకా 2,661 మంది భారత మత్స్యకారులు తిరిగొచ్చారు. అంత పెద్ద సంఖ్య చూస్తేనే ఇది ఎవరో దారి తప్పిన నలుగురి సంగతి కాదని అర్థమవుతుంది.

మనుషులు వస్తారు గానీ బోట్లు రావడం తక్కువ. స్వాధీనం చేసుకున్న బోట్లు కరాచీలో ఉప్పుగాలికి పాడవుతుంటాయి, ఇక్కడ బోటు యజమానికి అప్పు కంతులు ఆగవు.

ఖైదీల బాగోగులు చూడడానికి రెండు వైపులా రిటైర్డ్ జడ్జిలతో ఒక కమిటీ ఉండేది. వాళ్లు జైళ్లకు స్వయంగా వెళ్లి, జబ్బు పడ్డవాళ్లను, శిక్ష అయిపోయినవాళ్లను ముందు వదలాలని సిఫారసు చేసేవారు. 2013 తర్వాత ఆ కమిటీ పర్యటనలు జరగలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత జాలర్లు ఇంటికొచ్చే దారి అయిన అటారీ చెక్‌పోస్టును కూడా భారత్ మూసేసింది. ఆ జులైలో జాబితాలు మార్చుకున్నప్పుడు, శిక్ష పూర్తి చేసుకున్న 159 మంది మత్స్యకారులను, పౌర ఖైదీలను త్వరగా పంపాలని భారత్ పాకిస్తాన్‌ను కోరింది.